మోచేతోడికి పదకొండు డాలర్లు

ఆ కబురు వచ్చేసరికి నేను ధహ్రాన్ ఆఫీసులో ఒక వాల్వు గురించి నలుగురితో పోట్లాడుతున్నాను. ఫోను మోగింది. చూస్తే పక్కింటి సారు. ఆయన ఎప్పుడూ ఫోను చెయ్యరు. ఏదన్నా కావాలంటే గుమ్మం దాకా వచ్చి మెల్లగా దగ్గుతారు. అందుకే ఎత్తకముందే నాకు సంగతి తెలిసిపోయింది. "మీ టీచరమ్మ పోయిందమ్మా," అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. నేనేమన్నానో గుర్తు లేదు. వాల్వు విషయం తేల్చకుండానే బ్యాగు తీసుకుని వచ్చేశాను.

కారులో కూర్చుని ఫోను చూస్తే మా లీగు గ్రూపులో అప్పటికే దణ్ణాలూ పువ్వులూ నిండిపోయాయి. వాటి కింద, మాతో ఆడే హైదరాబాద్ భాయ్ ఇంగ్లీషులో ఒక మెసేజి పెట్టాడు. టీచరమ్మ జట్టుని ఈ ఏడు ఆటలోంచి తీసేద్దాం, ఆమె ఉంచుకున్న ఆటగాణ్ణి మళ్ళీ వేలంలో కలిపేద్దాం, మనం ఆమెకిచ్చే గౌరవం అదే, అని. గౌరవమట! ఇంకా ఖొబర్ ఆసుపత్రినుంచి మనిషిని బయటికైనా తీసుకురాలేదు. ఏడుపు రావలసిన చోట నాకు కోపం వచ్చింది. ఇది రాస్తున్నది కూడా ఆ కోపం మీదే. స్మృతి అంటే మెత్తగా రాయాలంటారు. నాకు మెత్తగా రాదు, ఆమెకీ మెత్తగా రాసేవాళ్ళు నచ్చరు.

ఏ ఆట, ఏ వేలం అని అడుగుతారు కదా, చెప్తాను. ఆట బేస్‌బాల్. అమెరికాలో నిజంగా ఆడే ఆటగాళ్ళని మేం ఇక్కడ కూర్చుని ఊహాజట్లుగా కొనుక్కుంటాం. ఏటా సీజను మొదలయ్యే ముందు ఒక శుక్రవారం, జుమ్మా నమాజు అయ్యాక, మా కాంపౌండు రిక్రియేషన్ హాల్లో పదిమందిమి బల్ల చుట్టూ చేరతాం. ఒక్కొక్కరి దగ్గర రెండువందల అరవై డాలర్లు ఉన్నట్టు లెక్క. ఉత్తుత్తి డాలర్లే. ఒకరు ఒక ఆటగాడి పేరు చెప్తారు, మిగతావాళ్ళు పాట పాడతారు, ఎక్కువ పాడినవాళ్ళకి వాడు దక్కుతాడు. ఆ డబ్బుతోనే ఇరవైమూడు మందిని నింపుకోవాలి. ఆ తర్వాత అక్కడ వాళ్ళు ఎలా ఆడితే ఇక్కడ మనకి అలా పాయింట్లు. ఇది సౌదీ, జూదం హరామ్, కాబట్టి మా ఆటలో ఒక్క రియాలు చేతులు మారదు. గెలిచినవాళ్ళకి దక్కేది టీచరమ్మ ఇచ్చిన స్టీలు టిఫిన్ క్యారియరు. ఆఖరున వచ్చినవాళ్ళు దాన్నిండా వండి తీసుకెళ్ళి గెలిచినవాళ్ళింట్లో ఇవ్వాలి. ఆ క్యారియరు కోసం పెద్ద పెద్ద ఇంజనీర్లు నెలల తరబడి మాటలు మానేసిన సందర్భాలున్నాయి.

మాది గుంటూరు. టీచరమ్మది ప్రొద్దుటూరు. ఇక్కడి ఇండియన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆమె భర్తే ఈ సారు, ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇన్‌స్ట్రుమెంట్ల పని చూస్తారు. మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఆమె తాలింపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు వచ్చేవి. నేను ఆ ఇంట్లోకి వచ్చిన కొత్తలో తలుపు కొట్టి, "ఏమ్మీ, తినేదానికి ఏమన్నా ఉందా, లేకుంటే వచ్చి తిను," అన్నారు. నేను అన్నం వండుకున్నానని చెప్తే, "ఒట్టి అన్నమేనా? అదేం తిండి?" అని గదమాయించి తీసుకెళ్ళారు. ఆ రోజునుంచి నాకు ఆమె టీచరమ్మే. ఆమె దగ్గర ఒక్క లెక్కా నేర్చుకోలేదనుకునేదాన్ని. అదెంత తప్పో తర్వాత తెలిసింది.

ఆమెకి బేస్‌బాల్ ఎలా తగిలిందో సారు చెప్తే వినాలి. మా వరస ఇళ్ళ వెనకే కాంపౌండు మైదానం. ఓ వేసవి శుక్రవారం ఆమె పెరట్లో మామిడికాయ ముక్కలు ఉప్పూ కారం పట్టించి ఎండబెట్టుకుంటే, గోడ దాటి ఒక తెల్లబంతి ఎగిరొచ్చి సరిగ్గా ముక్కల మధ్య పడింది. కాసేపటికి ఆ బంతి కొట్టిన అమెరికన్ ఇంజనీరే వచ్చి తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈమె బంతి వెనక పెట్టుకుని, "ఈ ఆట ఏందో నాకు అర్థమయ్యేటట్టు చెప్పు. అప్పుడిస్తా బంతి," అన్నారట. అన్నది ఇంగ్లీషులోనే గానీ, సారు మాకు చెప్పేటప్పుడు మాత్రం ప్రొద్దుటూరు యాసలోనే చెప్తారు. ఆ మనిషి వంటింటి బల్ల మీద గిన్నెలు నాలుగు మూలలా పెట్టి, గరిటెని బ్యాటు చేసి, సాయంత్రం దాకా చెప్పాడు. ఆమె ప్రశ్న మీద ప్రశ్న వేశారు. చివరికి ఆయన ఒక సీసాడు ఆవకాయ పట్టుకుని ఇంటికి వెళ్ళాడు. బంతి మాత్రం ఇవ్వలేదు. కారం మరకతో అది ఇప్పటికీ వాళ్ళ షోకేసులోనే ఉంది. ఆ అమెరికనే ఇప్పుడు మా లీగుకి కమిషనర్, అంటే వేలం నడిపి తగువులు తీర్చే పెద్ద.

మరుసటేడు వేలం పెడుతున్నామని ఆయన మర్యాదకి చెప్తే, ఈమె నిజంగానే వచ్చి కూర్చున్నారు. ఉన్ని స్వెటరు వేసుకుని బొత్తాలు మెడదాకా పెట్టుకున్నారు, ఆ హాల్లో ఏసీ అలా ఉంటుంది. పక్కన ఫ్లాస్కులో మజ్జిగ, చేతిలో బళ్ళోనుంచి తెచ్చుకున్న కర్ర స్కేలు. అందరూ చెయ్యెత్తి పాడితే ఆమె స్కేలుతో బల్ల మీద ఒక్కటి కొట్టేవారు. టక్. అది వినబడగానే అందరూ నిటారుగా కూర్చునేవాళ్ళు. వాళ్ళలో సగంమంది ఏ దేశంలో చదువుకున్నా, ఎవరో ఒక లెక్కల టీచరు చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళే మరి. వేలం ముగింపు కూడా ఆమే మార్చేశారు. కమిషనర్ చేత "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అనిపించడం నేర్పారు. "మా ప్రొద్దుటూరులో ఏం వేలం వేసినా ఇట్లనే అరుస్తారు. మీరేందో గొణుగుతాండారు," అన్నారు. ఇప్పటికీ మా వేలం తెలుగు లెక్కల్లోనే ముగుస్తుంది.

నన్ను లీగులోకి లాగింది ఆమే. మొదటి ఏడు నేను ఒక పేరుమోసిన బ్యాటరుకి నా డబ్బులో చాలావరకు ధారపోసి, చివర్లో దిక్కులేక కూర్చున్నాను. ఇంటికొచ్చాక ఆమె వంటింట్లో నన్ను నిలబెట్టి పాఠం చెప్పారు.

"ఏమ్మీ, ఇంట్లో ఉప్మా ఊరికే దొరుకుతాది కదా?"

"దొరుకుతుంది."

"హోటలుకు పోయి దోసె తింటావు. నువ్విచ్చే డబ్బు దోసెకా?"

"మరి దేనికి?"

"ఉప్మాకూ దోసెకూ మధ్య ఉండే తేడాకు. అంతే. వాడు ఎంత మంచోడో నాకు చెప్పొద్దు. వాడు లేకుంటే ఆ జాగాలో ఒక్క డాలరుకు యెవుడు దొరుకుతాడో అది చెప్పు. వాడికంటే వీడు ఎంత మేలో అదే ధర. మిగిలిందంతా నీ మోజు."

ఆఫీసులో ఏ పరికరం కొనాలన్నా నేనిప్పుడు ముందు ఉప్మా ఏదని చూసుకుంటాను. మా మేనేజరుకి ఆ మాట అర్థం కాదు, నేనూ వివరించను.

వేలంలో ఆమె ఇంకో పద్ధతి పాటించేవారు. తన వంతు వచ్చినప్పుడు తనకి కావలసినవాడి పేరు మొదట్లో ఎప్పుడూ చెప్పరు. తనకి అక్కర్లేని పెద్ద పేరొకటి చెప్పి, మజ్జిగ తాగుతూ కూర్చుంటారు. మిగతావాళ్ళు దాని మీద పడి కొట్టుకుని డబ్బు ఖర్చు పెట్టుకుంటారు. హైదరాబాద్ భాయ్ ప్రతి ఏడూ పడేవాడు. ఆయన ఒక కంపెనీలో ఇకామాలనే నివాస అనుమతులూ వీసాలూ చూసే అడ్మిన్ మనిషి, ఎవరి కాగితం ఎక్కడ ఆగిందో చిటికెలో చెప్పగలడు. ఈమె వల మాత్రం ఎప్పుడూ కనబడేది కాదు. "టీచరమ్మా, మళ్ళ ముంచిన్రు గదా నన్ను," అని నెత్తి పట్టుకునేవాడు. "నేనేం జేసినా నాయనా? పేరు చెప్పినా. పాడమని చెప్పినానా?" అనేవారు ఈమె, మొహంలో ఒక్క గీత కదలకుండా.

వేలం చివర్లో అందరి డబ్బూ అయిపోయి, ఒక్కో డాలరు ఆటగాళ్ళు మాత్రమే మిగిలేవారు. అప్పటికి సగంమంది కబ్సా అన్నం వాసనకి వంటగది వైపు చూస్తుండేవారు. ఆమె మాత్రం అప్పుడే నిటారుగా కూర్చునేవారు. ఒకసారి భాయ్ ఎవర్నో "ఒక్క డాలర్ గాడు" అని తీసిపారేస్తే, "నోరు మూసుకో. ధర మనం కట్టింది. వాడు కట్టుకున్నాడా? రేపు వాడు ఎట్లా ఆడతాడో నీకు తెలుసా, నాకు తెలుసా?" అన్నారు. కోప్పడ్డాక మళ్ళీ ఆ భాయ్‌కే ఒక గ్లాసు మజ్జిగ పోసి ఇచ్చారు.

కిందటేడు చలికాలంలో ఆమెకి కడుపులో గడ్డ అని తేలింది. చెడ్డదే. డాక్టర్లు చెప్పేది చెప్పారు. అప్పటినుంచి ప్రతివాళ్ళూ వాళ్ళింటికొచ్చి ఒకటే మాట. ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఇండియా వెళ్ళిపోండి, సొంతూళ్ళో ప్రశాంతంగా ఉండొచ్చు అని. ప్రశాంతంగా ఉండడమంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పరు. ఒకరోజు నేనున్నప్పుడే ఎవరో అదే మొదలుపెడితే, ఆమె గోరుచిక్కుళ్ళు తుంచుతూ తలెత్తకుండా అన్నారు: "నా కుక్కర్ ఇక్కడుంది. నా మొగుడు ఇక్కడుండాడు. నా డాక్టరు ఇక్కడే. యాడికి పోవాల నేను? మీకు చూసేదానికి కష్టంగా ఉంటే మీరు రాకండి." వచ్చినవాళ్ళు టీ తాగకుండా వెళ్ళారు. నేను మాత్రం రెండు కప్పులూ తాగాను.

ఆ మార్చిలో ఇంకో ఘనకార్యం జరిగింది. టీచరమ్మని ఇబ్బంది పెట్టకూడదని మావాళ్ళు ఆమె లేకుండా ఇంకో గ్రూపు పెట్టి, వేలం తేదీ అందులో నిర్ణయించారు. నన్నూ అందులో కలిపారు. నేను చూసిన మరుక్షణం లేచి వెళ్ళి ఫోను ఆమె చేతిలో పెట్టాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. చదివి, "స్వెటరు ఉతకాల," అన్నారు.

వేలం రోజు హాలు తలుపు తీసుకుని ఆమె లోపలికి వచ్చారు. బాగా చిక్కిపోయారు, తలకి స్కార్ఫు. నా చెయ్యి పట్టుకోమంటే పట్టుకోలేదు. తన కుర్చీ దగ్గరికొచ్చి, కూర్చోకుండా, స్కేలు బల్ల మీద పెట్టి కమిషనర్ని ఇంగ్లీషులో అడిగారు, గాయపడిన ఆటగాణ్ణి మీరేం చేస్తారని. ఆయన ఇబ్బందిగా, పక్కన కూర్చోబెడతాం, జట్టులో చోటు మాత్రం వాడిదే, అన్నాడు. ఇక అక్కణ్ణుంచి ఆమెకి ఇంగ్లీషు ఆగిపోయింది. "అదీ! నేను పక్కన కూర్చున్నదాన్ని. పీకేసేటందుకు మీరెవురు? నన్ను అడగల్లేదే ఒక్కరన్నా? జాలి పడేదానికి ముందు అడగాల. అడిగి జాలి పడండి," అన్నారు. కమిషనర్‌కి మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. లేచి నిలబడి క్షమాపణ చెప్పాడు. భాయ్ తల దించుకున్నాడు.

ఆ రోజు వేలం మధ్యలో ఆమె ఒక పేరు చెప్పారు. అతనొక పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. గొప్పవాడే, కానీ మోచేతికి ఆపరేషనయింది. ఆ సీజను మొత్తం ఒక్క బంతి కూడా వెయ్యలేడని అందరికీ తెలుసు. మా లీగులో ఒక నియమం ఉంది. ఈ ఏడు కొన్న ఆటగాళ్ళలో ఒక్కణ్ణి, అదే ధరకి, వచ్చే ఏటికి ఉంచుకోవచ్చు. కాబట్టి అలాంటివాణ్ణి కొంటున్నారంటే అర్థం ఒకటే, వచ్చే ఏటికోసం కొంటున్నారని. టీచరమ్మ స్కేలు కొట్టి, "ఒక డాలరు," అన్నారు.

కమిషనర్ చాలా మెల్లగా, వాడు ఈ ఏడు ఆడడండీ, అన్నాడు. "తెలుసు. వచ్చే ఏడు ఆడతాడు కదా," అన్నారామె. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ఎవరూ పాడలేదు. కమిషనర్ గొంతు సవరించుకుని, "ఒకటోసారి," అన్నాడు.

"ఆపు!" స్కేలు ఎంత గట్టిగా కొట్టారంటే ఫ్లాస్కు మూత కింద పడింది. "యెవురూ పాడరేం? వాడికి చెయ్యి బాగైతే యెంత పెడతారో నాకు తెలియదా? నాకు ఒక్క డాలరుకు పారేసి పుణ్యం కట్టుకోవాలనుకుంటాండారా? ఆ పుణ్యం నాకొద్దు, యాడన్నా పోయి కట్టుకోండి. పాడండి!"

నేను, "రెండు," అన్నాను.

ఆమె నావైపు తిరిగారు. "మూడు."

"నాలుగు."

నేను ఉత్తుత్తినే పాడలేదు. అబద్ధపు పాట పాడితే ఆమె కనిపెట్టేస్తారు. నిజంగానే ఆ పిచ్చర్ నాకు కావాలి. ఏడాదిపాటు ఒక చోటు ఖాళీగా ఉంచుకున్నా, మరుసటేడు వాడు లాభమే అని నా లెక్క. అలా ఒక్కో డాలరూ ఎక్కుతూ నేను పది దాకా వెళ్ళాను. ఆమె, "పదకొండు," అన్నారు. నేను ఆగిపోయాను.

"ఏం, ఆగిపోయినావే?"

"అంతకు మించి వాడికి పెట్టకూడదు టీచరమ్మా. ఉప్మా తీసేసి చూసుకున్నా."

"నాకు తెలుసు. ఒక డాలరు ఎక్కువే పెట్టినా. నా ఇష్టం." అప్పుడు కూర్చున్నారు, మజ్జిగ పోసుకున్నారు. ఆమె మొహంలో అంత సంతోషం ఆ ఏడాది మొత్తంలో నేను మళ్ళీ చూడలేదు. ఆ రోజునుంచి ఆ పిచ్చర్‌కి మా ఇళ్ళలో పేరు మోచేతోడు.

ఆ వేసవంతా మందుల మధ్యలోనే ఆమె జట్టు నడిపారు. అమెరికా పడమటి తీరంలో రాత్రి ఆటలు మనకిక్కడ తెల్లవారుజామున వస్తాయి. ఫజర్ అజాన్ అయిన కాసేపటికి గోడ అవతల టీవీ వినబడేది. ఆమె ఆట చూస్తున్నారంటే ఆ రోజు పర్వాలేదని నేను లేచి కాఫీ పెట్టుకునేదాన్ని. మోచేతోడి కబుర్లు కూడా వదిలేవారు కాదు. "ఈ రోజు వాడు మెత్తగా బంతి విసిరి చూసినాడంట, ఇరవై అడుగులు," అని, మరోరోజు, "నొప్పి లేదంట," అని చెప్పేవారు. "మరి మీకు?" అంటే, "నాది వేరే ఆట. వాడి సంగతి చెప్తాండా, విను," అనేవారు. ఆ సీజను ఆమె క్యారియరు గెలవలేదు. నాకంటే మాత్రం పైనే ఉన్నారు.

జనవరిలో డాక్టర్లు ఇంక చెయ్యగలిగింది లేదన్నారు. ఆ సాయంత్రమే గ్రూపులో ఆమె మెసేజి వచ్చింది, అందరికంటే ముందుగా, గడువుకి ఎంతో ముందుగా: "నా పిచ్చర్‌ని ఉంచుకుంటున్నాను. పదకొండు డాలర్లకి." నేను గోడ ఇవతల కూర్చుని అది ఎన్నిసార్లు చదువుకున్నానో. ఆమె పోయింది ఆ తర్వాతి నెలలో.

భాయ్‌ని చెడ్డవాణ్ణి చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆమెను ప్రొద్దుటూరు పంపడానికి కావలసిన కాగితాలన్నీ ఆయనే తిరిగి చేయించాడు. ఆసుపత్రి, పోలీసు, ఎంబసీ, కార్గో, ఎక్కడా సారుని వరసలో నిలబడనివ్వలేదు. దమ్మాం ఎయిర్‌పోర్టులో పెట్టె లోపలికి వెళ్ళేటప్పుడు గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కానీ లీగు మీటింగులో మళ్ళీ అదే మాట ఎత్తాడు. "మేడమ్, కోపం జేయకుర్రి. మనిషే లేకపాయె, టీమ్ ఎవలు నడుపుతరు? ఆ పిచ్చర్‌ని ఓపెన్‌ల పెడితే అందరికి ఛాన్స్ ఉంటది. నిజంగ చెప్పాలంటే ఆ పేరు ఆమెది అట్లనే ఉండుడు చూస్తే నా దిల్ తట్టుకోదు."

"తట్టుకోకపోతే కళ్ళు మూసుకోండి," అన్నాను. "ఆమె గడువులోపల ప్రకటించారు. అందరికంటే ముందు ప్రకటించారు. ఆ రోజు ఎవరన్నా కాదన్నారా? ఆమె ఉన్నప్పుడు ఒకసారి చెప్పాపెట్టకుండా తీసేశారు. ఇప్పుడు రెండోసారి తీసేస్తారా? ఇప్పుడు స్కేలు పట్టుకుని రాలేరనేగా మీ ధైర్యం?" ఆ మాట ఎక్కువే, నాకు తెలుసు. వెనక్కి తీసుకోలేదు. కమిషనర్ మా ఇద్దరి మధ్యా చేతులు చాచి, ఎవరో ఒకరు ఆ కుర్చీలో కూర్చుంటేనే జట్టు ఉంటుంది, మీకు మీ జట్టు ఉంది కదా, రెండూ నడపడం కుదరదు, అన్నాడు. నా జట్టు వదులుకుంటానని అనబోయాను.

అప్పుడు తలుపు దగ్గర ఎవరో దగ్గారు. సారు. ఊరినుంచి ఆ ఉదయమే వచ్చారు, గుండు మీద ఇంకా సరిగ్గా జుట్టు కూడా రాలేదు. ఎప్పటినుంచి నిలబడి వింటున్నారో తెలియదు.

"నేను కూర్చుంటా," అన్నారు.

భాయ్ లేచి ఎదురెళ్ళి చేతులు పట్టుకున్నాడు. "సార్, మీకు ఈ ఆట వస్తదా?"

"రాదు. ఆమెకు మాత్రం పుట్టంగానే వచ్చిందా?" అన్నారు సారు. కమిషనర్ కాగితం మీద ఆమె జట్టు పేరు అలాగే ఉంచేశాడు.

ఈద్ సెలవుల్లో వేలం జరిగింది. సారు ఆమె కుర్చీలో కూర్చున్నారు. స్వెటరు లేదు గానీ ఫ్లాస్కూ స్కేలూ తెచ్చారు. ఆయన వంతు వచ్చినప్పుడు ఒక బ్యాటరు పేరు చెప్పి, స్కేలుతో బల్ల మీద నెమ్మదిగా తట్టి, "అయిదు," అన్నారు. మంచి ఆటగాడే, పది డాలర్లపైన పలకాలి. ఒక్క గొంతు లేవలేదు. అందరి కళ్ళూ బల్లమీదే. భాయ్ అయితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నిజం చెప్తున్నా, నేనూ పాట పెంచలేదు. నిన్నటిదాకా అందరిమీదా అరిచింది నేనే. కమిషనర్ ప్రేమగా, ఊరికే కానిచ్చేసే గొంతుతో, "ఒకటోసారి... రెండోసారి..." అన్నాడు.

సారు స్కేలు పక్కన పెట్టి నావైపు చూశారు. "పాడమ్మా," అన్నారు. "ఆమె ఉంటే పాడేదానివి కదా."

"ఆరు," అన్నాను. ఎలా అన్నానో నాకు తెలియదు.

"ఏడు." ఈసారి స్కేలు టక్కుమంది.

కళ్ళు తుడుచుకుంటూనే పాడాను, ఒక్క డాలరు కూడా వదలకుండా. నేను పద్నాలుగు అనగానే ఆయన ఆగి, కాసేపు ఆలోచించి, తల అడ్డంగా ఊపారు. "చాలు. దోసెకు అంత పెట్టకూడదు." ఇన్నేళ్ళూ వంటింట్లో ఆమె చెప్పిన పాఠాలు ఆయన పక్కగదిలో కూర్చుని విన్నారన్నమాట! భాయ్ ముందు నవ్వాడు, తర్వాత ఏడ్చాడు, ఆ తర్వాత చొక్కా చేతులు మడిచి, "అయితే సార్, ఇగ నేను గూడ పాడుత, మళ్ళ అనొద్దు," అన్నాడు. మళ్ళీ తన వంతు రాగానే సారు తనకి అక్కర్లేని ఒక పెద్ద పేరు చెప్పి మజ్జిగ పోసుకున్నారు. భాయ్ మళ్ళీ పడ్డాడు.

మోచేతోడు తిరిగొచ్చింది ఏప్రిల్లో, పడమటి తీరంలో. అజాన్ అయిపోయింది, బయట ఇంకా చీకటి పూర్తిగా విడలేదు. నేను కాఫీ గ్లాసుతో టీవీ ముందు కూర్చున్నాను. గోడ అవతల కూడా అదే ఆట పెట్టినట్టు వినబడుతోంది. మోచేతోడు మెల్లగా నడుచుకుంటూ మైదానం మధ్యకొచ్చి, చెయ్యి ఒకసారి విదిలించుకుని, మొదటి బంతి వేశాడు. బ్యాటరు దాన్ని ఎత్తి స్టేడియం గోడ అవతల జనంలోకి కొట్టాడు, క్రికెట్లో సిక్సరు లాగా.

గ్లాసు కింద పెట్టేశాను. గోడ అవతల స్కేలు బల్ల మీద పడింది, టక్‌మని, గోడ ఇవతల నా కాఫీ కదిలేంత గట్టిగా. జీవితంలో ఎప్పుడూ గొంతెత్తని సారు అరుస్తున్నారు:

"ఏం పోయింది? ఒక్కటే కదప్పా! ఇప్పుడే లేచినాడు. రానీ! తర్వాతోణ్ణి రానీ!"